వంకరచాళ్ల కొలిమమ్మ కొమ్ము తిరిగిన కథ

నల్లవంక దాటి గుట్ట మలుపు తిరగగానే కనిపించే చిన్న గుడి వంకరచాళ్ల కొలిమమ్మది. గోపురం లేదు. లోపల విగ్రహమూ లేదు. కొండరాతికి ఆనించి నేలలో పాతిన నల్లని దాగలి ఒక్కటే ఉంటుంది. దాగలి అంటే కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ. దాని ఒక చివర ఎద్దుకొమ్ములా సన్నగా సాగి ఉంటుంది. ఆ దిమ్మకే పసుపు కుంకుమలు, ఆ కొమ్ముకే గాజులు.

దర్శనానికి వచ్చినవారిలో ఎవరో ఒకరు తప్పక అడిగే ప్రశ్న ఉంది. "మా ఇంట్లో తాతలనాటి పటంలో అమ్మవారి కొమ్ము ఎడమకు ఉందే! ఇక్కడ కుడికి ఉందేమిటి? పటం గీసినవాడు పొరబడ్డాడా?" పటమూ సరైనదే, మీ కళ్లూ సరైనవే. అదెలాగో తెలియాలంటే మొదటినుంచి చెప్పుకురావాలి.

పూర్వం ఇక్కడ గొర్రెలు కాసుకునే లింగన్న చేతికర్ర చివర తొడిగిన ఇనుప పొన్ను ఒక నల్లరాయికి తగిలి గంటలా మోగిందట. ఊరి కమ్మరి వచ్చి తవ్వి చూస్తే, అది రాయి కాదు, చక్కని దాగలి. ఆ కమ్మరికి అమ్మవారు కలలో కనిపించి, "నా మీద నువ్వు వేసే ప్రతి దెబ్బా నాకు పూజే. ఇక్కడే కొలిమి పెట్టుకో" అని చెప్పింది. అతను అలాగే చేశాడు. కొమ్మును ఎడమకు పెట్టి దాగలిని పాతాడు. నిప్పుల పొయ్యినీ ఎడమవైపే పెట్టాడు.

ఎడమకే ఎందుకు? కూర్చున్నచోటే మీ చేతులు చాపి చూడండి. కుడిచేతివాటం మనిషి సుత్తి కుడిచేత పడతాడు. పటకారు ఎడమచేతికి వస్తుంది. అంటే నిప్పు ఎడమన ఉండాలి, ఇనుమును వంచే కొమ్మూ ఎడమనే ఉండాలి. ఇప్పుడు సుత్తిని ఎడమచేతికి మార్చండి. పటకారు కుడికి వచ్చిందా? ఇక నిప్పులోంచి ఇనుము తీయాలంటే కుడిచేయి కడుపుమీదుగా అడ్డంగా పోవాలి. పంచె అంటుకోకుండా ఉంటే అదే పుణ్యం. ఆవలివైపుకు పోయి కూర్చుందామంటే అక్కడ కొండరాయి అడ్డం.

ఆ కమ్మరి తరువాత వచ్చినవారందరూ కుడిచేతివాటం వారే. అమ్మ కూర్చున్నచోటినుంచి కదపరాదని ఊరు కట్టడి చేసుకుంది. అలా కొన్ని తరాలు గడిచాక కొలిమి బసవాచారి చేతికి వచ్చింది. అతనిది పుర్రచేతివాటం. అన్నం తప్ప అన్ని పనులూ ఎడమచేత్తోనే. ఊరు ఒప్పుకోలేదు. "అమ్మమీద ఎడమచెయ్యి ఎత్తుతావా? కళ్లు పోతాయి" అన్నారు. పాపం, భయపడి కుడిచేత్తోనే కొట్టడం మొదలుపెట్టాడు.

ఇక చూడండి. నాగలికి తొడిగే ఇనుపమొనను కర్రు అంటారు. బసవాచారి చేసిన కర్రులన్నీ ఒకేపక్కకు మూతి తిప్పుకుని ఉండేవి, అలిగిన అల్లుళ్లలాగా. కర్రు ఎటు చూస్తే నాగలి అటే పోతుంది, చాలు అటే వంగుతుంది కదా! ఊరిపెద్ద నరపరెడ్డి తన చేనులో అరక కడితే, పొరుగు ఓబన్న చేనులో తేలేవాడు. ఓబన్న ఇంకొకరి చేనులో తేలేవాడు. విత్తింది ఒకరు, కోసుకున్నది మరొకరు. పొరుగూళ్లవారు ఈ ఊరి అసలు పేరు మరచి వంకరచాళ్లు అని పిలవసాగారు.

చివరికి నరపరెడ్డి కొలిమి దగ్గరకు వచ్చి, "ఆచారీ, ఏరువాక పున్నమికి చక్కని కర్రు ఒక్కటి చెయ్యి. చేస్తివా సరి. లేదా వేరే ఊరి కమ్మరిని తెచ్చుకుంటాం. నీవు కొలిమి దిగిపోవాల్సిందే" అన్నాడు.

ఆ కొలిమి పోతే బసవాచారికి వేరే కూడు లేదు. భార్య కాశమ్మ కొలిమితిత్తి ఊదేది. పున్నమి ఇక రేపనగా మధ్యాహ్నంపూట, తిత్తి ఊదుతూ ఊదుతూనే ఆమె కునికింది. కలలో ఒక పెద్దముత్తైదువ చెంప రుద్దుకుంటూ ఎదుట కూలబడింది.

"నీ మొగుడి దెబ్బ ఒక్కటైనా పడాల్సినచోట పడిందా? ఇనుము మీద కొడతానంటాడు, నా చెవి మీద కొడతాడు!"

"తల్లీ, ఆయనది ఎడమచెయ్యి..."

"తెలుసులే. నన్ను ఇటు తిప్పండి, పొయ్యిని ఆ పక్కకు మార్చండి. ఆ చేత్తోనే కొట్టనీ."

"నిన్ను కదపగూడదని పెద్దలు చెప్పినారమ్మా."

"కూచున్నది నేనా, పెద్దలా? ఒకే పక్కకు కూచుని కూచుని నడుము పట్టేసింది."

కాశమ్మ ఉన్నపళంగా రచ్చబండకు పరుగెత్తి చెప్పింది. నరపరెడ్డి నవ్వాడు. "ఊరిపెద్దను నేనుండగా అమ్మ నీ కల్లోకి వచ్చిందా?"

"ముందు నీ కల్లోకే వచ్చిందంట పెదరెడ్డీ. ఇంతకుముందే. నువ్వు గారెలు తింటా ఉన్నావంట. ఎంత పిలిచినా తల ఎత్తలేదంట."

నరపరెడ్డి గబుక్కున మూతి తుడుచుకున్నాడు. అప్పుడే నిద్రలేచి వచ్చాడతను. వెనకనుంచి అతని ఇల్లాలు, "అందుకా, నిద్రలో ఉత్తనోరు అంతసేపు నమిలింది!" అంది. ఇంతకన్నా నిదర్శనం అక్కర లేకపోయింది. అందరూ కలిసి దాగలిని తిప్పి, కొమ్మునూ పొయ్యినీ కుడికి మార్చారు. బసవాచారి దండం పెట్టి సుత్తిని ఎడమచేతికి తీసుకున్నాడు. సాయంత్రానికి కర్రు తయారైంది, చూపుడువేలంత తిన్నగా.

మరునాడు ఊరంతా చేనుగట్టున చేరింది. బసవాచారి సుత్తి చేతబట్టుకునే వచ్చాడు. నరపరెడ్డి ఎద్దులకు అరక కట్టారు. నాగలి నాలుగు బారలు బాగానే పోయి, మెల్లగా వంగి, ఎప్పటిలాగే ఓబన్న చేనులోకి నడిచింది!

"అయిపాయె. ఆచారీ, సామాను సర్దుకో" అన్నాడు నరపరెడ్డి.

బసవాచారి సుత్తి కింద పెట్టేశాడు. కాశమ్మ మాత్రం ఎద్దులనే చూస్తూ నిలబడింది. "ఆగు రెడ్డీ. ఆ ఎద్దులు పుట్టి బుద్ధెరిగినకాడినుంచి వంకర చాలు తప్ప తిన్నని చాలు తొక్కినాయా? కర్రును అమ్మ తిప్పింది. ఎద్దులను మీరే తిప్పుకోవల్ల."

నిజమే. ఈ ఊరిది కాని జత కావాలి. ఎవరో తెలివైనవాడు గానుగెద్దును తోలుకొస్తే గట్టంతా నవ్వింది. చివరికి పండుగకు వచ్చిన నరపరెడ్డి అల్లుడి బండి ఎద్దులను విప్పి, అదే నాగలికి కట్టారు. చాలు దారం పట్టినట్టు ఈ గట్టునుంచి ఆ గట్టుకు పోయింది. తన చేను అసలు ఎంత ఉందో నరపరెడ్డికి ఆ రోజే తెలిసింది. వెనక్కి వచ్చి, కింద ఉన్న సుత్తిని తానే తీసి బసవాచారి ఎడమచేతిలో పెట్టాడు.

నేటికీ బసవాచారి వంశంవారే ఇక్కడ కమ్మరులు, వారే పూజారులు. కొలిమి చేతులు మారినప్పుడల్లా కొత్తవారి వాటం చూసి అమ్మను తిప్పుతారు. ఇప్పటి పూజారిది ఎడమచేతివాటం. మీ ఇంటి పటం కుడిచేతి పూజారి కాలంనాటిది, అంతే. తక్కిన గుళ్లలో మనం దేవత చుట్టూ తిరుగుతాం. ఇక్కడ ఆ తల్లే మనకోసం తిరుగుతుంది.

ఎడమచేత్తో రాసే పిల్లలను, ఆ అలవాటు మాన్పించమని మొక్కుకోవడానికి తల్లిదండ్రులు తీసుకువస్తారు. పూజారి ఒక కొబ్బరికాయ ఆ తండ్రి ఎడమచేతికిచ్చి, అమ్మ ముందు కొట్టమంటారు. మొదటి దెబ్బకు కాయ పగిలిన దాఖలా లేదు. అది జారి, దొర్లి, వరుసలో వెనకున్నవారి కాళ్లమధ్యకు పోతుంది. అందరూ నవ్వుతారు. పూజారి ఆ కాయ తెప్పించి, ఈసారి పిల్లవాడికి ఇస్తారు. "నీకు ఏ చెయ్యి వాటమైతే దానితో కొట్టు నాయనా" అంటారు. పిల్లవాడు ఎడమచేత్తో ఒక్కటేస్తాడు, కాయ రెండు చెక్కలవుతుంది. ఒక చెక్క అమ్మకు, ఒక చెక్క ఇంటికి. మొక్కు తీరినట్టే. తీరింది ఎవరి మొక్కో ఆ తండ్రికి తిరుగుదారిలో తెలుస్తుంది.