గడప దగ్గర మంచివాళ్ళు

ఐర్లండు పల్లెల్లో గడ్డికప్పు ఇళ్ళ చుట్టూ కంటికి కనిపించని చిట్టి జనం తిరుగుతుంటారని అందరి నమ్మకం. అసలు పేరుతో పిలిస్తే వాళ్ళకు ఒళ్ళు మండుతుంది. అందుకే మనుషులేం ఖర్మ, కోళ్ళు కూడా వాళ్ళను "మంచివాళ్ళు" అనే అంటాయి.

మోయా అవ్వ పెరట్లో బ్రీజ అనే పెట్ట ఉండేది. నోరు పెద్దది, గుండె చిన్నది. ఒక మధ్యాహ్నం పిల్లల్ని రెక్కల కింద పొదువుకుని కునుకు తీస్తుంటే, రాతిగోడ అవతల నుంచి సన్నని గొంతు వినిపించింది.

"ఓసి కోడీ! మేం మంచివాళ్ళం. నీ గూడు మా దారికి అడ్డంగా ఉంది."

బ్రీజకు పై ప్రాణాలు పైనే పోయాయి. "తప్పైపోయింది బాబూ! ఏం చెయ్యమంటారు?"

"నీ పిల్లల్ని మాకిచ్చెయ్. లేదంటే అవ్వ ఎంత చిలికినా వెన్న పడదు. ఆ కోపంలో నిన్ను కూర వండేస్తుంది."

పాపం బ్రీజ! ఇస్తే కడుపుకోత, ఇవ్వకపోతే తనే కూర. గొల్లుమనబోతుండగా గోడ మీదుగా గాలి వీచి, ముక్కుకు ఏదో తెలిసిన వాసన తగిలింది. అనుమానమైతే వచ్చింది గానీ, నిజంగా మంచివాళ్ళే అయితేనో? అంతలో ఇంట్లో తపేలా చప్పుడైంది. అవ్వ బంగాళాదుంపలు ఉడికిన నీళ్ళు వంచుతోంది.

"అలాగే బాబూ. గడప పక్కనున్న పీపా దగ్గరికి రండి, మీకే అప్పగిస్తాను."

పీపా చాటున, గోడ మీంచి ఎవరో దూకిన చప్పుడు మాత్రం వినిపించింది.

"తప్పుకోండి నాయనా, మురికినీళ్ళు!" లోపలి నుంచి అవ్వ కేకేసింది. ఆ ఊళ్ళో నీళ్ళు పారబోసే ముందు ప్రతి ఇల్లాలూ వేసే కేకే అది. బట్టలు తడిస్తే మంచివాళ్ళు ఊరుకోరు. అందుకే కేక వినగానే వాళ్ళూ చప్పున పక్కకు జరుగుతారు.

బ్రీజ ఊపిరి బిగబట్టి పీపా వైపే చూసింది. ఎవరూ కదల్లేదు. పైగా కిసుక్కున నవ్వు. "ఖాళీ పెరట్లో ఎవర్ని తప్పుకోమంటోంది ఈ పిచ్చి ముసలిది!"

తపేలాడు వేడినీళ్ళు దభాలున పడ్డాయి.

"చచ్చాన్రోయ్!" అంటూ ఎర్రతోక నక్క ఒకటి పీపా వెనక నుంచి ఎగిరిపడి పరుగందుకుంది. అవ్వ చీపురు పుచ్చుకుని వెంటపడింది.

బ్రీజ గోడెక్కి గొంతు చించుకుంది. "నక్క మావా! మంచివాళ్ళెవరైనా ఆ కేకకు తప్పుకోకుండా ఉంటారటయ్యా?"

ఎవరి వేషం వేస్తామో, వాళ్ళ అలవాట్లు కూడా తెలిసుండాలి.