రాజుగారి కొలతాడు

ఒకానొక రాజ్యంలో గజకేసరి అనే రాజు ఉండేవాడు. ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, నాకు ఈ కథ చెప్పినవాళ్ళకే తెలియదు. రాజు మంచివాడు, అడిగినవాడికి లేదనడు. ఉన్న చిక్కల్లా ఒక్కటే, తనలో లోపం ఉండొచ్చన్న ఊహ ఆయనకు కలలో కూడా రాదు.

ఆయనకు గుర్రపు చెండాట అంటే ప్రాణం. గుర్రమెక్కి, పొడుగాటి కర్రతో నేలమీది చెండును కొట్టుకుంటూ పోయి అవతలి గుంజలు దాటించడమే ఆ ఆట. సభకు తొడుక్కునే నిలువుటంగీ దానికి పనికిరాదు. నడుము దాకా వచ్చి, ఒంటిని పట్టి ఉండి, చెయ్యెత్తితే ఎత్తనిచ్చే తేలికపాటి అంగీ కావాలి. అలాంటిది ఒక్కటంటే ఒక్కటి ఆయనకు కుదరలేదు.

ఎందుకు కుదరలేదో కొలువులో అందరికీ తెలుసు, రాజుకు తప్ప. ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. రాజు ఒంటిని పట్టాభిషేకం నాడు ఒక్కసారే కొలుస్తారు. ఛాతీకి ఒక ముడి, నడుముకు ఒక ముడి, భుజానికి ఒకటి, చేతికి ఒకటి చొప్పున పట్టుతాడుకు ముడులేసి, వెండిపెట్టెలో దాస్తారు. ఏటా దసరాకు ఆ తాడుకు పూజ కూడాను. మళ్ళీ కొలిస్తే రాజుగారి ఆయువును కొలిచినట్టేనని వాళ్ళ భయం.

పట్టాభిషేకం నాడు గజకేసరికి పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు నలభై. ఈ మధ్యలో ఇరవై రెండేళ్ళ పూర్ణాలు, నేతిగారెలు, పాలకోవాలు గడిచాయి. తాడు మాత్రం అదే తాడు.

ఆ తాడు ప్రకారం మొదటి దర్జీ కుట్టిన అంగీ, రాజు కర్ర ఎత్తగానే వీపు మధ్యన చిరిగింది. రెండోవాడిది చంకలో చిరిగింది. మూడోవాడి అంగీ తొడుగుతుండగానే బొత్తాలు ఊడి, ఒకటి వెళ్ళి మంత్రిగారి ముక్కుకు తగిలింది. "వీళ్ళకు కుట్టడం చేతకాదు" అని తేల్చాడు రాజు. ముగ్గురి కత్తెరలూ లాక్కుని, చేతికి తలా ఒక కొడవలి ఇప్పించి, గుర్రాలకు గడ్డి కోయమని పంపించాడు. పాపం, వాళ్ళు నోరెత్తలేదు. ఎత్తితే ఏమని చెబుతారు? 'ప్రభూ, తమరు లావయ్యారు' అనా?

ఇలా ఉండగా, పొరుగు రాజు పౌర్ణమి నాడు చెండాటకు వస్తున్నాడని కబురొచ్చింది. గజకేసరి ఉప్పొంగిపోయాడు.

"ఈసారి కొత్త అంగీలో ఆడతాను. గుడ్డ చూడగానే వాడికి కళ్ళు చెదరాలి. కుట్టేవాడు మన రాజ్యంలో అందరికంటే అనుభవం ఉన్నవాడు కావాలి" అన్నాడు.

రాజవస్త్రాల అధికారి విశ్వంభరయ్య వెంటనే బంగారు జరీబట్ట తాను తెప్పించాడు. దాన్ని మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. వెండిపెట్టె తాళంచెవి మొలలో దోపుకుని తిరిగేది కూడా ఈ విశ్వంభరయ్యే. ఇక దర్జీ అంటే సింగయ్య పేరు చెప్పారు అందరూ. అరవై దాటినవాడు, నలభయ్యేళ్ళుగా కత్తెర పట్టినవాడు.

ఆ మధ్యాహ్నమే సింగయ్య పరుగున సూరప్ప ఇంటికి వెళ్ళాడు. సూరప్ప ఆ కొలువులో చిన్న ఉద్యోగి. కానీ రాజుగారికి కోపమొస్తే అందరూ వెతికేది ఆయన కోసమే.

"అయ్యగారూ, తమరే కాపాడాలండి" అన్నాడు సింగయ్య. "తాడు ప్రకారం కుడితే అంగీ చిరిగిపోద్ది. తాడు తప్పి కుడితే విశ్వంభరయ్యగారు తాడేసి చూసి, రాజుగారిని లావన్నావంటారు. ఎటూ నా కత్తెర పోద్దండి. ఈ వయసులో కొడవలి పట్టి గడ్డి కోయగలనా?"

"నలభయ్యేళ్ళ అనుభవం కదయ్యా! కంటితో చూసి కొలత చెప్పలేవూ?"

"సుమారుగా చెప్పగలనండి. ఆట అంగీకి సుమారు పనికిరాదు. చెయ్యి పైకెత్తినప్పుడు వీపు ఎంత సాగుద్దో తెలియాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. అది ఆ తాడులో లేనే లేదండి. వాళ్ళు రాజుగారిని నిలబెట్టి కొలిచారు, గుర్రమెక్కించి కొలవలేదు కదా!"

సూరప్ప ఆ మాటకు ముచ్చటపడ్డాడు. పని తెలిసినవాడి మాట వింటుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

"గుడ్డ సంగతేమిటి? జరీ పనికొస్తుందా?"

"పెళ్ళికయితే పనికొస్తదండి. ఆటలో చెమట పట్టాక ఒళ్ళంతా గీరేస్తది. ఇదిగో, ఇలాంటిది కావాలండి" అంటూ సింగయ్య తన భుజం మీది తువ్వాలు తీసి చూపించాడు. "మా వీధిలో నేసిన నూలు. చెమట పీల్చేస్తది, ఎటు లాగినా ఓర్చుకుంటది."

సూరప్ప ఆ తువ్వాలును చేత్తో తడిమి చూశాడు. తరవాత అడిగాడు: "రాజుగారి దగ్గర కొత్త పని ఒప్పుకున్నవాడు ముందు ఆయనకు శాలువా కప్పాలి కదా?"

"అవునండి, ఆనవాయితీ."

"అయితే ఆ శాలువా ఈ నూలుదే తీసుకురా. అంచు పొడుగునా వేలెడు దూరానికొక మల్లెమొగ్గ కుట్టు. జానెడు దూరానికొక ఎర్రగన్నేరు పువ్వు కుట్టు. పూలశాలువా కప్పకూడదని ఏ ఆచారంలోనూ లేదు."

ముసలాయనకు ఒక్క క్షణం పట్టింది. అర్థమవగానే చేతులు రెండూ జోడించి, ఒంగి దణ్ణం పెట్టాడు.

మర్నాడు సభలో సింగయ్య పూలశాలువా విప్పి రాజు భుజాల చుట్టూ కప్పాడు. రెండు కొసలూ ఛాతీ మీద కలిసిన చోట ఎన్నో పువ్వో చూసుకున్నాడు. ఇంతలో సూరప్ప లేచాడు.

"ప్రభూ! తమరు చెండు కొట్టే తీరు గురించి వినడమే గానీ ఈ సభలో చాలామంది చూడలేదు. ఆ చెయ్యి ఎలా లేస్తుందో ఒక్కసారి చూపించరూ?"

రాజు ఇలాంటివి కాదనేవాడు కాడు. రాజదండాన్నే కర్రలా పట్టుకుని, చెయ్యి ఆకాశానికెత్తి, నడుము తిప్పి ఒక్క విసురు విసిరాడు. సభంతా చప్పట్లు కొట్టింది. శాలువా జారకుండా సర్దుతున్నట్టు సర్దుతూ సింగయ్య రాజు వీపు మీద మొగ్గలు లెక్కపెట్టుకున్నాడు. "మళ్ళీ, ప్రభూ!" అన్నాడు సూరప్ప. రాజు మళ్ళీ విసిరాడు. జారిన కొంగును నడుము చుట్టూ సర్దేసరికి అక్కడి మొగ్గలూ లెక్కకొచ్చాయి.

రాజు కూర్చుని శాలువాను నిమిరాడు. "ఇదేం గుడ్డ? ఒంటి మీద ఉన్నట్టే లేదు. హాయిగా ఉంది."

"మన నేతగాళ్ళ నూలు, ప్రభూ. దీనికి పేరంటూ లేదు" అన్నాడు సూరప్ప.

విశ్వంభరయ్య మండిపడ్డాడు. "పేరు లేని గుడ్డ రాజుగారు తొడుగుతారా? జరీ ఉండగా!"

"జరీ తొడిగితే చూసినవాళ్ళు జరీని మెచ్చుకుంటారండి. ఇది తొడిగితే తొడుక్కున్నవారిని మెచ్చుకోవాలి. వాళ్ళకు వేరే దారి లేదు."

రాజుకు ఆ మాట బాగా నచ్చింది. "నూలుతోనే కుట్టండి" అన్నాడు. జరీ తానును మళ్ళీ ఇద్దరు మనుషులు మోసుకుపోయారు.

పౌర్ణమి వచ్చింది. గజకేసరి పసుపుపచ్చ నూలు అంగీ తొడుక్కుని గుర్రమెక్కాడు. సింగయ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మైదానం అంచున నిలబడ్డాడు. రాజు మొదటి విసురు విసిరినప్పుడు ముసలాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గుడ్డ చిరిగిన చప్పుడు వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి చెండు అవతలి గుంజలు దాటిపోతోంది. ఎంత హాయిగా ఊపిరి తీసుకున్నాడో ఆ మనిషి!

ఆ రోజు గజకేసరి ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. ఓడిపోయిన పొరుగు రాజు వెళ్ళేముందు, "తమ ఆటా బాగుంది, అంగీ మరీ బాగుంది. ఎవరు కుట్టారు?" అని అడిగి మరీ వెళ్ళాడు.

మర్నాడు సభలో రాజు సింగయ్యను పిలిపించి, "చూశారా! అదే తాడు. చేతనైనవాడి చేతిలో పడేసరికి ఎంత చక్కగా కుదిరిందో!" అన్నాడు.

విశ్వంభరయ్య ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ఆట అంగీ తెప్పించి, వెండిపెట్టె తెరిచి, అందరూ చూస్తుండగా తాడును అంగీ మీద పరిచాడు. ఛాతీ దగ్గర అంగీ జానెడు ఎక్కువ ఉంది. నడుము దగ్గర జానెడున్నర.

"మహాప్రభూ! వీడు తాడు దాటాడు. తమ దివ్యదేహాన్ని ఇంత చేశాడు!" అని రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు.

రాజు ముఖం కందగడ్డ అయింది. సింగయ్య మొలలోంచి కత్తెర తీసి, రాజు పాదాల దగ్గర పెట్టేసి తల వంచుకున్నాడు.

అప్పుడు సూరప్ప ముందుకొచ్చాడు. "ప్రభూ, శిక్షకు ముందు నాదొక ఫిర్యాదు. ఈ తాడు మీద."

"తాడు మీదా?"

"అవును ప్రభూ. తమ పట్టాభిషేకం నాటికి ఈ రాజ్యంలో ఇరవై నాలుగు ఊళ్ళు. ఇవాళ అరవై. అప్పుడు కోటకు ఒక గోడ, ఇప్పుడు మూడు. తమతో పాటు అన్నీ పెరిగాయి. ఇరవై రెండేళ్ళుగా పట్టుపరుపు మీద పడుకుని, దసరాకు నైవేద్యాలందుకుంటూ, ఈ తాడొక్కటి బెత్తెడు కూడా పెరగలేదు. విశ్వంభరయ్యగారేమో అంగీ తాడుకు సరిపోలేదంటున్నారు. ప్రభువుకు సరిపోయింది కదండీ! ఈ సింహాసనం మీద కూర్చున్నది ప్రభువా, తాడా?"

విశ్వంభరయ్య తాడును అంగీ మీంచి తీసి గబగబా చుట్టేశాడు.

"మరి కొలిస్తే ఆయువు తగ్గుతుందంటారే?" అన్నాడు రాజు మెల్లగా. ఆ గొంతులో నిజమైన భయం ఉంది.

"మొన్ననే కొలిచాం ప్రభూ, పూలశాలువాతో. ఛాతీకి ఐదు గన్నేర్లు, మూడు మల్లెమొగ్గలు. తమరు క్షేమంగా ఉన్నారు, పైగా ఆట గెలిచారు. తప్పంటూ ఉంటే ఉపాయం చెప్పిన నాది. ముసలాయన చేతి పనిలో మాత్రం ఒక్క పోగు తప్పు లేదు."

రాజు సింగయ్య వంక చూశాడు, నేల మీద ఉన్న కత్తెర వంక చూశాడు. తరవాత సింహాసనం దిగి వచ్చి, ఆ కత్తెరను తానే తీసి ముసలాయన చేతిలో పెట్టాడు.

"తాడు తీసుకురండి, కొత్తది. నన్ను కొలువు, సింగయ్యా. ఇక్కడే, అందరి ముందూ" అన్నాడు.

ఆ మాటన్నందుకు నాకు ఆ రాజంటే గౌరవం. సింగయ్య రాజు నడుము చుట్టూ తాడు తిప్పాడు. కానీ ఎంత రాజైనా మనిషే కదా! తాడు తగలగానే గజకేసరి ఊపిరి బిగబట్టి, పొట్టను లోపలికి లాగేసుకుని, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. తాడు పట్టుకుని సింగయ్య ఏం చెయ్యాలో తోచక సూరప్ప వంక చూశాడు.

సూరప్ప రాజు చెవి దగ్గరకు వంగి, సభంతా వినేలా అన్నాడు: "ప్రభూ, ఇక ఊపిరి వదలొచ్చు. పొరుగు రాజుగారు పొలిమేర దాటేశారు."

రాజు ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకు పొట్ట ఒక్కసారిగా బయటికొచ్చి, తాడు బిగుసుకుంది. సరిగ్గా అక్కడ ముడి వేశాడు సింగయ్య.

రాజు మెడలోని ముత్యాల హారం తీసి సూరప్ప మెడలో వేశాడు. సింగయ్యను ఏం కావాలో కోరుకోమంటే, గడ్డి కోస్తున్న ముగ్గురు దర్జీల కత్తెరలూ తిరిగి ఇప్పించమన్నాడు. ఆ సాయంత్రానికే వాళ్ళు ఇళ్ళకు చేరారు.

ఇప్పటికీ ఆ ప్రాంతంలో దర్జీలు నడుము చుట్టూ తాడు తిప్పాక వెంటనే ముడి వెయ్యరట. ముందు ఏదో ఒక వేళాకోళమాడి, మనిషి నవ్వేదాకా ఆగుతారట.