ముందే వేసిన ముద్ర

నోటరీగా చేరి నాలుగేళ్లయినా ఓబులేసుకు సర్క్యులర్లంటే బెదురు పోలేదు. నిరుడు ఒకటి చెబుతారు, ఈ ఏడు దాన్నే మార్చి ఇంకోటి పంపుతారు. పాపం, అన్నీ కంఠతా పట్టాడు. పట్టానని నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. సోమవారం రిజిస్టర్ల తనిఖీ ఉంది. తప్పు దొరికితే నోటరీ పని ఊడుతుంది.

అందుకని తనకు పని నేర్పిన ఖాసిం సాహెబ్‌ను పిలుచుకొచ్చి, కోర్టు ఎదుటి తన గదిలో కూర్చోబెట్టాడు. ముప్ఫై ఏళ్లు నోటరీగా చేసి మానుకున్న పెద్దమనిషి ఆయన.

"సార్, రూల్స్ రోజుకొకటి మారుతుండాయి. నేనేమన్నా వదిలేసినానేమో మీరే చూడల్ల."

సాహెబ్ రిజిస్టర్లు తిరగేశారు. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఓబులేసు ముఖం వెలిగిపోయింది. అప్పుడు ఆయన బల్ల చివరనున్న కాగితాల కట్ట చూపించారు.

"అవేంది?"

"అఫిడవిట్లు సార్. కాలేజీ అడ్మిషన్లు గదా, రేపు జనం తోసుకోని వస్తారు. అందుకే నిన్ననే ఖాళీ కాగితాల కింద ముద్రేసి, సంతకం పెట్టి పెట్టుకున్నా. వాళ్లొచ్చి పైన రాసుకోని పోతారు. అందరూ చేసేదే సార్."

సాహెబ్ పైనున్న కాగితం తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి, తీరిగ్గా నాలుగు వరుసలు రాశారు. సంతకం చేసి ఓబులేసు చేతికిచ్చారు.

"గట్టిగా చదువు."

"షేక్ ఖాసిం అనే నేను ప్రమాణం చేసి చెప్పేదేమంటే, నేను నిన్న ఉదయం ఎనిమిది గంటలకు మరణించాను..."

ఓబులేసు కాగితంలోంచి తలెత్తి ఆయన వైపు చూశాడు.

"ఆపినావేం? కింద నీ ముద్రలో ఏముందో అదీ చదువు."

"పై వ్యక్తి నా ఎదుట హాజరై, ప్రమాణం చేసి, సంతకం చేశారు."

తనదే ముద్ర. తనదే సంతకం. నిన్నటి తేదీ కూడా తను వేసిందే. ఓబులేసుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇది ఏ సర్క్యులర్ కిందికి వస్తుందో అని ఒక్క క్షణం ఆలోచించి, ఆ ఆలోచనకే ఇంకా సిగ్గుపడ్డాడు. కట్ట ముందుకు లాక్కుని ఒక్కొక్క కాగితమే చింపసాగాడు.

సాహెబ్ లేచి చెప్పులు తొడుక్కున్నారు.

"మనిషిని చూసి ముద్రేసుంటే, నిన్న నేను చచ్చిపోయేవాణ్ణి కాదు గదప్పా."