మిరియం కాలు కింద పెట్టని ఇల్లు

చిన్న కథే. పొయ్యి మీద పాలు పెట్టి వినడం మొదలుపెడితే పొంగేలోపు అయిపోతుంది. అయినా మా చింతలమెట్టలో పాలు పొంగడం ఎక్కడిది? గంగులు పోసే పాలు మరుగుతాయి గానీ పొంగవు. అదేమిటిరా అంటే, మా గేదె నిదానస్తురాలు అంటాడు. గంగులే నయం. వాడి తోడల్లుడు సన్నాసి చెప్పులు తిరణాల్లో పోతే ఏడాది నుంచీ ఇంటి చూరు కింద వెతుకుతున్నాడు. తిరణాల్లో వెతకరా అంటే, అక్కడ జనం తొక్కేస్తారండీ, చెప్పుల్లేకుండా ఎలా వెళ్ళను అంటాడు. సరే, కథ సన్నాసిది కాదు. జోగినాయుడు ఇంటిది.

జోగినాయుడు కుటుంబం కంటే తెలివైన కుటుంబం మా ఊళ్ళో లేదు. ఈ మాట మేమెవరమూ అనలేదు, జోగినాయుడే అంటాడు. భార్య చిలకమ్మ అవునంటుంది. కొడుకు దాలినాయుడు తలూపుతాడు. కోడలు పారమ్మ కాపురానికొచ్చిన కొత్తలో కొంచెం ఆలోచించేది, ఇప్పుడా అలవాటు పోయింది. ఈ నలుగురూ కాక మిరియం అని ఒక నల్ల కుక్క. చిలకమ్మ దాన్ని గుప్పెడంత ఉన్నప్పుడు గుడ్డలో చుట్టి పెంచింది. ఆ ఇంట్లో తప్పు చేయని ప్రాణి అదొక్కటే. దానికి ఎవరూ ఏ పనీ చెప్పరు కాబట్టి.

వానలు ఇంకా పది రోజులున్నాయనగా గంగులు పాలు పోస్తూ వాళ్ళ తాటాకు ఇల్లు చూశాడు.

"జోగన్నా, కప్పులో చిల్లులున్నాయి. అవి తీసేయించుకో, వానకి బెంగుండదు" అన్నాడు.

అంతే. దాలినాయుడు కత్తి పట్టుకుని కప్పెక్కాడు. మొదటి చిల్లు చుట్టూ కోసి తీసేశాడు. చూస్తే అక్కడ ఇంకా పెద్ద చిల్లు. దాన్నీ కోసి తీసేశాడు. పట్టుదల గల మనిషి. పొద్దు వాలేసరికి కప్పులో ఒక్క చిల్లు లేదు. కప్పూ లేదు.

"ఇప్పుడు చూడు, ఎక్కడైనా చిల్లుందా?" అన్నాడు జోగినాయుడు గర్వంగా. నిజమే, లేదు.

ఇంకేముంది, అద్దె ఇల్లు కావాల్సొచ్చింది. మా ఊళ్ళో అద్దెకిచ్చేవి రెండే గదులు. మాణిక్యాంబ గారి పెరటి వైపువి. ఆవిడ ఒంటరి మనిషి, ముందు వైపు ఉంటారు. ఇంటి మొత్తానికీ ఎర్ర గచ్చు. ఆ గచ్చులో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. అందుకేనేమో ఆవిడ బొట్టు ఎప్పుడూ కొంచెం పక్కకే ఉంటుంది.

మాణిక్యాంబ గారు నలుగుర్నీ చూశారు, పర్వాలేదనుకున్నారు. వెనకే వచ్చిన మిరియాన్ని చూశారు.

"జంతువులున్న వాళ్ళకి ఇల్లివ్వను. కిందటిసారి అద్దెకున్నాయన పిల్లి నా బియ్యం డబ్బాలో ఈనింది."

"మా మిరియానికి బియ్యం పడవు అమ్మగారూ" అంది చిలకమ్మ.

అరుగు మీద కూర్చున్న వాళ్ళకి పని దొరికింది. కుక్క ఉంటే ఇంటికి కాపలా కదండీ, దొంగ రాడు అన్నాడు గంగులు. ఈ ఊళ్ళో దొంగెవరు, నువ్వు తప్ప అంది పక్కింటి రత్తాలు. జంతువులున్న వాళ్ళకి ఇస్తే ఇల్లు పాడవుతుందని ఒకరు, పిల్లలున్న వాళ్ళకి ఇస్తే అంతకంటే పాడవుతుందని ఒకరు. ఎవరి ఇల్లూ కాకపోవడంతో అందరూ ధర్మంగానే మాట్లాడారు.

"కుక్కని ఎవరికైనా ఇచ్చేయండి, గదులిస్తాను" అన్నారు మాణిక్యాంబ గారు.

చిలకమ్మ కుక్క పక్కన నేల మీద చతికిలబడింది. "అయితే వానలో తడుస్తాం అమ్మగారూ. దాన్నొదిలి నాను రాను."

ఆవిడ గట్టి మనిషే గానీ రాయి కాదు. ఆకాశం వైపు చూసి, నిట్టూర్చి అన్నారు: "సరే. కానీ ఆ కుక్క నా గచ్చు మీద కాలు పెట్టిందంటే, ఆ పూటే మీరు మూటాముల్లె సర్దుకోవాలి."

"ఇంతేనా!" అన్నాడు జోగినాయుడు.

ఆ రోజు నుంచి మిరియం గచ్చు మీద కాలు పెట్టలేదు. పొద్దున్న జోగినాయుడు భుజం మీద, మధ్యాహ్నం దాలినాయుడు మెడ మీద, పారమ్మ అన్నం వారుస్తుంటే ఆమె చంకలో. మొదట్లో కిందికి దూకబోయేది. నాలుగో రోజుకి దానికీ బాగానే ఉందనిపించింది. రాజుల కాలంలో కూడా ఏ కుక్కా అంత వైభవం చూసి ఉండదు.

చేతులు పడిపోతున్నాయని దాలినాయుడు మూలిగాడు. చిలకమ్మకి ఉపాయం తట్టింది. పాత చీర తెచ్చి దూలానికి ఉయ్యాల కట్టింది. మిరియాన్ని పడుకోబెట్టి, ఈగలు వాలకుండా పైన గుడ్డ కప్పి, ఊపుతూ జోల పాడింది.

గోడవతల రత్తాలు జోలపాట వింది. తొంగి చూస్తే ఉయ్యాల ఊగుతోంది. అంతే, పారమ్మకి బిడ్డ పుట్టిందని గంట తిరక్కుండా ఊరంతా తెలిసిపోయింది. నెలలు నిండిన పొట్ట ఎవరూ చూడలేదే అని ఎవరికీ అనుమానం రాలేదు. తెలివి జోగినాయుడు ఇంటికే పరిమితం అనుకునేరు, మా ఊళ్ళో అందరికీ కొంచెం కొంచెం ఉంది. ఆడవాళ్ళు పసుపు కుంకాలు, శనగలు పట్టుకుని వచ్చేశారు. ముందు మాణిక్యాంబ గారు. చేతిలో చంటిబిడ్డ చొక్కా, మనసులో కాస్త కోపం. తన ఇంట్లో బిడ్డ పుట్టి తనకి కబురు లేదని.

"ఎవరి పోలిక?" అని అడిగారు.

"ఎవరి పోలికా లేదమ్మగారూ. వీధిలో దొరికింది" అంది చిలకమ్మ.

"అయ్యో, పోనీలే, పుణ్యం" అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుని, గుడ్డ తీసి, ముద్దు పెట్టుకోబోయి ఉయ్యాల మీదికి వంగారు. మిరియం మర్యాద తెలిసిన కుక్క. ముందు అదే పెట్టుకుంది, గడ్డం నుంచి బొట్టు దాకా.

ఆ కేకకి శనగలన్నీ గచ్చు మీద పడ్డాయి.

"కాలు కింద పెట్టలేదమ్మగారూ!" అని నలుగురూ ఒకేసారి అన్నారు. ఒట్టు వేయమన్నా వేస్తారు.

మాణిక్యాంబ గారు మొహం మూడుసార్లు కడుక్కుని వచ్చి అన్నారు: "ఇంకోసారి ఆ కుక్క నా కంట పడిందంటే ఊరుకోను!"

నలుగురూ ఆలోచించారు. మిరియాన్ని రోజుకి నాలుగుసార్లు బయటికి తీసుకెళ్ళాలి. దారి పెరటి మీదుగానే. ఆవిడ చూస్తే ఇల్లు పోతుంది.

"మిరియం మీద గంప బోర్లిస్తే?" అంది పారమ్మ.

"దానికి ఊపిరాడొద్దేటే?" అని కసిరింది అత్త.

"మరి ఆవిడ చూడకుండా..." అని దాలినాయుడు ఆగాడు. తండ్రి మొహంలో వెలుగొచ్చింది. ఇంకేముంది.

మర్నాడు పొద్దున్న మాణిక్యాంబ గారు తులసి కోట ముందు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నారు. "ఒక్క క్షణం అమ్మగారూ, తప్పుగా అనుకోకండి" అని వినపడింది. కళ్ళు తెరిచేసరికి చీకటి. కోళ్ళ గంప. లోపల రెండు ఈకలు కూడా ఉన్నాయి.

"మిరియం వెళ్ళొచ్చేదాకా అలాగే ఉండండి. తల బయట పెట్టకండి" అని జోగినాయుడు గంప మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మిరియానికి ఆ రోజు తొందరేమీ లేదు. గంపలోంచి ఆవిడ ఏమన్నారో నేను చెప్పను. రత్తాలు చెబుతుంది, అడక్కపోయినా.

గంప లేచింది. ఆవిడ జుట్టులో ఈకతో నిలబడి అరిచారు: "ఇక చాలు! ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, ఆ కుక్కైనా ఉండాలి! మధ్యాహ్నంలోగా తేల్చండి!"

నలుగురూ గదిలో కూర్చుని తేల్చుకున్నారు.

"ఆవిడ ఎవరెవరి పేరు చెప్పింది?" అన్నాడు జోగినాయుడు.

"తన పేరు చెప్పింది నాన్నా. మిరియం పేరు చెప్పింది" అన్నాడు దాలినాయుడు.

"మన పేరు?"

"ఎత్తనేదు మావా" అంది చిలకమ్మ.

"మరి మనం ఇక్కడేం చేస్తున్నాం? సిగ్గుండొద్దూ!"

అంతే. మూటాముల్లె సర్దుకున్నారు. ఇద్దరిలో ఎవరుండాలో వాళ్ళే మాట్లాడుకుంటారు, పెద్దవాళ్ళ మధ్య మనమెందుకు అన్నాడు జోగినాయుడు. చిలకమ్మ ఉయ్యాల దగ్గర ఏడ్చింది. "అమ్మగారితో మర్యాదగా మాట్లాడే తల్లీ" అని మిరియానికి చెప్పి వెళ్ళిపోయింది. కప్పు లేని ఇంటికి వెళ్ళి నలుగురూ గోడవార కూర్చున్నారు. తొలకరి అప్పుడే మొదలైంది.

మధ్యాహ్నం మాణిక్యాంబ గారు వెళ్ళి చూస్తే గదులు ఖాళీ. ఉయ్యాలలో కుక్క. పో అన్నారు. అది దిగలేదు. కర్ర చూపించారు. దిగలేదు. గచ్చు వైపు చూసి, ఆవిడ వైపు చూసి, ముందు కాళ్ళు చాచింది, ఎత్తుకోమని. పదిరోజులుగా కాలు కింద పెట్టని జీవం మరి. ఆవిడ అటూ ఇటూ చూసి, ముక్కు పక్కకి తిప్పుకుని ఎత్తుకున్నారు. గొడుగు వేసుకుని, కుక్కని చంకన పెట్టుకుని, వీధి మధ్యగా జోగినాయుడు ఇంటికి నడిచారు. అలాంటి రోజు మళ్ళీ రాదని మేమంతా వానలోనే నిలబడి చూశాం.

జోగినాయుడు ఆవిడని చూసి గుండెలు బాదుకున్నాడు. "అదేటమ్మగారూ! ఇద్దరూ వచ్చేశారా? ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నారు కదా!"

"నేను చెప్పేది విను..."

"మీ మాట పోకూడదు. దాలీ, పట్రా!"

తండ్రీకొడుకులు ఆవిడని కుక్కతో సహా నులక మంచం మీద కూర్చోబెట్టి, పరుగున మోసుకెళ్ళి, ఇంట్లో దింపి, బయట గొళ్ళెం పెట్టి వచ్చారు. ఇప్పుడు ఇద్దరూ ఉన్నారు, ఒకరు ఎక్కువే, తక్కువైతే కాలేదు అని జోగినాయుడు తృప్తిపడ్డాడు.

సాయంత్రం పాలు పోయడానికి వెళ్ళి గంగులు గొళ్ళెం తీశాడు. మాణిక్యాంబ గారు ఉయ్యాల ఊపుతూ కూర్చుని ఉన్నారు. బయట అంత వాన, లోపల అంత నిశ్శబ్దం, పలకరించడానికి ఒక జీవం ఉండటం బాగానే ఉందని ఆవిడ తర్వాత రత్తాలుతో అన్నారు. రత్తాలు అబద్ధం ఆడదు, కలుపుతుంది అంతే.

ఆవిడ వాళ్ళని మళ్ళీ వచ్చి ఉండమని కబురు పెట్టారు. జోగినాయుడు ఒప్పుకోలేదు. ఖాళీ చేసినవాళ్ళం ఎలా వస్తాం, ఇప్పుడా గదులు మిరియానివి, అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. వాన చూస్తే తగ్గేలా లేదు. చివరికి మాణిక్యాంబ గారు కాగితం కలం తెచ్చుకుని, అద్దె చీటీ మిరియం పేరనే రాశారు. కింద పంజా ముద్ర వేయించారు. నలుగురు మనుషుల్ని పెంచుకోవడానికి దానికి అనుమతి ఇచ్చారు.