ఉస్తాదు ఎక్కిన కారు

పెంచలయ్య బాధ ఒక్కటే. వేరే షాపు పెట్టుకుంటానంటే ఉస్తాదు సరే అనడు, వద్దూ అనడు.

నెల్లూరులో హైవే పక్కన మెకానిక్కుల వీధి ఒకటుంది. అక్కడ కార్ల అల్యూమినియం చక్రాలకు మెరుగు పెట్టడం దస్తగిరి ఉస్తాదు పని. గీతలు పడి, నల్లబడి వచ్చిన చక్రం ఆయన చేతిలో వెండి పళ్ళెంలా తయారయ్యేది. పెంచలయ్య మీసాలు రాకముందే ఆయన దగ్గర చేరాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

ఆ వీధిలో ఒక ఆనవాయితీ. శిష్యుడు సొంత షాపు పెడితే, మెరుగు మోటారు స్విచ్చి మొదటిసారి ఉస్తాదే వెయ్యాలి. ఆయన చెయ్యి పడని మోటారు దగ్గరికి ఒక్కరూ చక్రం తీసుకురారు, ఎంత పనిమంతుడైనా సరే.

పెంచలయ్య షాపు అద్దెకు తీసుకున్నాడు. మోటారు కొన్నాడు. బోర్డు కూడా రాయించాడు. అడిగినప్పుడల్లా ఉస్తాదు "చూద్దాంలే అబ్బయా" అంటాడు. ఎవరికైనా ఒళ్ళు మండదా? బోర్డు మీద దుమ్ము పేరుకుంటోంది, పెళ్ళాం అన్నం పెడుతూ రోజూ అదే మాట ఎత్తుతోంది. చివరికి, ముసలాయనకు కుళ్ళు అని టీ బంకు దగ్గర నలుగురిలో అనేశాడు. ఆ మాట ఉస్తాదు చెవిన పడే ఉంటుంది. ఆయన మాత్రం ఎప్పటిలాగే పనిలో కూర్చున్నాడు.

నిజం చెప్పుకోవాలి, మెరుగులో పెంచలయ్య గురువును మించాడు. మించినవాడు గురువు చేసే మొదటి పని మానేశాడు. ఉస్తాదు ఏ చక్రానికైనా ముందు కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లి పక్కన పెట్టేవాడు. వెంట్రుకంత చీలిక ఉన్నా సరే, లోపలికి దిగిన కిరసనాయిలు సుద్ద మీదికి మరకలా ఊరుతుంది. అట్లాంటి చక్రం పాత ఇనుప సామాన్లవాడికి పోవాల్సిందే. దానికి మెరుగు పెట్టకూడదు. అల్యూమినియం మెత్తటిది, మోటారు కింద వేడెక్కి పరుచుకుని చీలికను పైపైన కప్పేస్తుంది. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు. లోపల చీలిక మాత్రం అట్లాగే ఉంటుంది, వేగం మీద గతుకు తగిలితే చక్రం పగిలిపోతుంది.

ఇదంతా పెంచలయ్యకు తెలుసు. తెలిసే, పాత కార్ల బేరగాడొకడు తెచ్చే చక్రాలకు సుద్ద వెయ్యడం మానేశాడు. నువ్వు మెరిపించు చాలు, మిగతావి నీకెందుకు అన్నాడు ఆ బేరగాడు. కొన్నిట్లో చీలిక ఉత్త కంటికే కనపడేది. అక్కడ ఇంకాసేపు మోటారు ఆడించేవాడు. మాయమయ్యేది. అదీ ఒక పనితనమేనని లోలోపల మురిసిపోయేవాడు, సిగ్గు లేకుండా.

ఒక రోజు బేరగాడి తెల్లకారు చక్రాలు నాలుగూ పూర్తి చేసి ఉస్తాదు ముందు వరసగా పెట్టాడు. ఇంకా ఏం తక్కువైందో ఇప్పుడైనా చెప్పండి అన్నాడు. మాటలో మర్యాద ఉంది గానీ చూపులో లేదు.

దస్తగిరి ఒక్కో చక్రం తిప్పి చూసుకున్నాడు. ఆయన గడ్డంలో తెల్లవెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత మెరుపు. తర్వాత సుత్తి పిడితో ఒక్కోదాన్నీ తట్టాడు. మూడు ఖంగుమన్నాయి. నాలుగోది దబ్బుమంది. లోపల చీలిక ఉందని ఆ వీధిలో పనిచేసేవాడెవడికైనా అర్థమయ్యే చప్పుడే. పెంచలయ్య చూపు పక్కకు తిప్పుకున్నాడు.

ముసలాయన ఏమీ విననట్టే, బాగా మెరిసినాయి అన్నాడు. టైర్లు ఎక్కించి కారుకు బిగించమన్నాడు. దబ్బుమన్నదాన్ని ముందు ఎడమ పక్క పెట్టమని వేలు చూపించాడు. పెంచలయ్య అట్లాగే బిగించాడు. ఆ చక్రం పక్క సీట్లోనే ఉస్తాదు ఎక్కి కూర్చున్నాడు.

"కావలి దాకా పోయొద్దాం. తోలు."

హైవే సాపుగా, ఖాళీగా ఉంది. పెంచలయ్య కాలు మాత్రం నొక్కలేకపోతోంది. కారు ఎద్దులబండిలా పోతోంది. లారీలవాళ్ళు హారన్లు కొట్టి, తిట్టుకుంటూ దాటిపోతున్నారు. చిన్న గతుకొచ్చినా బ్రేకు వేస్తున్నాడు. లోపల ఏసీ తిరుగుతున్నా చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఉస్తాదు కళ్ళు మూసుకుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. ఇంత మెల్లగా తోలితే ఎట్టా, కాస్త గట్టిగా పోనీ అని రెండుసార్లు అన్నాడు.

రెండోసారికి పెంచలయ్యకు ఏడుపొచ్చేసింది. కారు పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద తల ఆనించాడు. చీలిక ఉందని, చూసే కప్పెట్టానని, ఇది మొదటిది కూడా కాదని చెప్పేశాడు.

"మీకూ తెలుసు గదా ఉస్తాద్. తెలిసీ ఎట్టా ఎక్కారు?"

"తోలేవాడికి తెలుసు గనక ఎక్కినా. తెలియనోళ్ళే గదా అబ్బయా, గట్టిగా తోలేది."

పెంచలయ్య స్టీరింగు వదిలి తలుపు తీశాడు. కిందికి దిగి జాకీ పెట్టాడు. ఆ చక్రం ఊడదీసి స్టెపినీ బిగించాడు. నట్లు రెండుసార్లు జారి కింద పడ్డాయి. ఇంతకుముందు మెరిపించినవి ఎటెటు పోయాయో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఒంగోలు అన్నాడొకసారి బేరగాడు, తిరుపతి అన్నాడు, మద్రాసు అన్నాడు. కొన్నవాళ్ళెవరో ఆ బేరగాడికే తెలియదు.

ఉస్తాదు కల్వర్టు గోడ మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. పని అయ్యాక లేచి, పంచె దులుపుకున్నాడు.

"నీ షాపుకు వస్తా. నువ్వట్టా మెరిపించిన చక్రాల మీద తిరిగేవాళ్ళందర్నీ పిలువు. వాళ్ళొచ్చినాక, వాళ్ళ ఎదురుగా స్విచ్చి వేస్తా."

ఆ మాట అని, నెల్లూరు పోయే ఆటో ఆపుకుని వెళ్ళిపోయాడు.

హైవే మీద కార్లు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతున్నాయి. ఒకదాంట్లో వెనక సీట్లోంచి ఎవరి పిల్లో చెయ్యి ఊపింది. చక్రాలన్నీ ఎండకు తళతళలాడుతున్నాయి. పెంచలయ్య రోడ్డు అంచున నిలబడి, పోయే ప్రతి చక్రం వైపూ చూస్తూ ఉండిపోయాడు.