పైడయ్య బోటు వెనుక పలక

అనగనగా ఒక సముద్రం. దాని ఒడ్డున ఒక పల్లె. ముందు సముద్రం పేరే ఎత్తాలి పిల్లలూ, పల్లె పేరు ముందెత్తితే దానికి కోపం.

ఆ పల్లెలో దానయ్య అని ఒకడుండేవాడు. పాత ఫైబరు బోట్లు బాగుచెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. నోరే కాస్త పెద్దది. అమ్మానాన్నలు పోయాక తమ్ముడు లచ్చన్నను తనే పెంచాడు. ఆ లచ్చన్నకు సొంత బోటు లేదు.

ఒడ్డున మాత్రం మూడేళ్ళుగా ఒక బోటు బోర్లా పడి ఉంది. ఆ ఊరి పైడయ్య దానిలో చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. బోటొక్కటే వచ్చింది. అప్పటినుంచి దాని నీడలో కుక్క కూడా పడుకోదు.

"నాకేం భయం? వేట తెరిచిన రోజున మా తమ్ముడు ఈ బోటు మీదే అందరికంటే ముందు అలలు దాటతాడు, చూస్తూ ఉండండి!" అని దానయ్య పదిమందిలో అనేశాడు. పైడయ్య భార్యను అడిగి బోటును తన పెరట్లోకి లాగించాడు.

ఎండాకాలం రెండు నెలలు వేట నిషేధం కదా, బోట్లు బాగుచేసుకునేది అప్పుడే. దానయ్య పాత రంగు గీకాడు. పగుళ్ళ మీద ఫైబరు గుడ్డ పరిచి జిగురు పట్టించాడు. ఆఖరికి ఇంజను బిగించే వెనుక పలకను సుత్తితో తట్టి చూశాడు. మంచి పలకైతే ఖంగుమనాలి. ఇదేమో తడి గోనెసంచిని కొట్టినట్టు పలికింది. లోపలి చెక్క కుళ్ళిపోయింది! సముద్రం మధ్యలో ఆ పలక ఊడితే ఇంజను పోతుంది, బోటూ మునుగుతుంది. కోసి, ఆరబెట్టి, కొత్త చెక్క వెయ్యాలంటే నెల కావాలి. వేట తెరవడానికి ఉన్నది వారమే.

దానయ్య అటూ ఇటూ చూశాడు. పలక మీద ఇంకో రెండు పొరలు అతికించి, నున్నగా రుద్ది, నీలిరంగు వేసేశాడు. చూసినవాళ్ళందరూ భలే భలే అన్నారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఆకు కూడా కదలని వేళ, పలక లోపలినుంచి టక్, టక్, టక్ అని వినిపించింది. "ఎండకి ఫైబరు సాగుతోందిలే" అనుకున్నాడు దానయ్య.

రెండో రోజు పలక కింద ఇసుక తడిసి ఉంది. వాన పడి ఎన్నాళ్ళయిందో! అతని భార్య నూకాలు ఆ తడిని వేలితో తీసి నాలుకకు రాసుకుంది. ఉప్పగా ఉంది.

"మావా, ఇది ఏడుస్తోంది. లోపలేముందో చూడు మావా."

"శుభమా అని పని చేసుకుంటుంటే ఏం మాటలే అవి!" అని కసిరి, కాలితో ఇసుక కప్పేశాడు.

మూడో రోజు నీలిరంగు మీద ఒక అరచెయ్యి తేలింది. లోపలినుంచి అదిమినట్టు, తడిగా. చిటికెన వేలు సగమే ఉంది. గేలపు తాడు తెంపేసిన పైడయ్య వేలు పల్లెలో ఎవరికి తెలియదు గనక? దానయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా, ఏం మనిషో, దాని మీద కూడా రంగు పూసేశాడు.

వేట తెరిచే రోజు వచ్చింది. ఆ పల్లెలో ఒక కట్టుబాటుంది. బోటు బాగుచేసినవాడు వెనుక పలక మీద చెయ్యి పెట్టి, "గంగమ్మ సాక్షిగా ఇందులో ఏ లోపమూ దాచలేదు" అని బాస చెయ్యాలి. ఆ తరవాతే బోటు నీళ్ళు తొక్కేది.

లచ్చన్న వల భుజాన వేసుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఊరంతా చూస్తోంది. దానయ్య పలక మీద చెయ్యి పెట్టాడు. అవతలినుంచి ఇంకో అరచెయ్యి, మంచులా చల్లగా, అతని అరచేతికి ఆనింది.

"చెప్పు దానయ్యా," అంది ఒక గొంతు, అతనికొక్కడికే వినబడేలా. "ఈ కుళ్ళు దాచి నేనూ ఇలాగే చెప్పాను."

దానయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "వద్దురా తమ్ముడూ, ఎక్కకు! లోపల కుళ్ళింది. తెలిసే దాచాను!" అని ఇసుకలో కూలబడ్డాడు.

ఇంతేనా నీ గొప్పలు అంటూ ఊరు గొల్లుమని నవ్వింది. లచ్చన్న మాత్రం నవ్వలేదు. "అన్నా, నన్ను ఎక్కించేసేవాడివేనా?" అన్నాడు.

దానయ్య బావురుమన్నాడు.

మిగతా బోట్లన్నీ వెళ్ళిపోయాయి. దానయ్య ఒడ్డున మిగిలినవాళ్ళందరి ముందే పలక కోశాడు. నల్లటి నీళ్ళు బుడబుడా కారాయి. చెక్క పిడికిళ్ళకొద్దీ ఊడొచ్చింది. నీళ్ళన్నీ పోయాక ఎవరో బరువు దించుకున్నట్టు పెద్ద ఊపిరి వినిపించింది. ఈసారి ఒడ్డునున్నవాళ్ళంతా విన్నారు. నవ్వినవాళ్ళే చేతులు జోడించారు.

నెల పట్టింది. కొత్త చెక్క వేశాక సుత్తి లచ్చన్న చేతికే ఇచ్చి తట్టి చూసుకోమన్నాడు. బాస గొంతెత్తి చేశాడు. లచ్చన్న వేటకెళ్ళిన ఆ రోజే నడిసముద్రంలో గాలివాన లేచింది. దానయ్య ఒడ్డు వదలకుండా, ముద్ద ముట్టకుండా కూర్చున్నాడు. పొద్దు వాలేవేళకు లచ్చన్న బోటు దిగి, తడిబట్టలతోనే వచ్చి అన్నను కావలించుకున్నాడు.

అందుకే పిల్లలూ, ఒప్పుకున్న తప్పు మనల్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది, అంతే. దాచిన తప్పు మనవాళ్ళ ప్రాణాల మీదికి తెస్తుంది.