తామ్రకేశుడి నోట దంపుళ్ళ పాట

అనగనగా ఒక రాజు. ఆయన పేరు రణధీరుడు, ఏలే ఊరు పాలవెల్లి. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక పెద్ద నవ్వు. సభలో ఆయన నవ్వితే కోట బయట కట్టేసిన గుర్రాలు చెవులు నిక్కబొడిచేవి. అంత నవ్వు.

ఒకనాడు ఆ సభకి తామ్రకేశుడనే మాంత్రికుడు వచ్చాడు. వాడి జుట్టు రాగి తీగల్లా ఎర్రగా, బిరుసుగా నిలబడి ఉండేది.

"రాజా, దిగు. ఆ సింహాసనం నాకు కావాలి" అన్నాడు.

రాజు వాడి మాట విన్నాడు, వాడి జుట్టు చూశాడు, పకపకా నవ్వాడు. మాంత్రికుడు చిటికె వేశాడు. రాజు తెరిచిన నోరు తెరిచినట్టే రాయైపోయాడు.

"ఇకమీదట నన్ను ఎవరు తిట్టినా, తప్పుపట్టినా, ఉన్నచోటే రాయైపోతారు. ఏడాది నిండితే ఈ రాళ్ళన్నీ ఇసుకై రాలిపోతాయి" అని తామ్రకేశుడు సింహాసనం ఎక్కి కూర్చున్నాడు.

పెద్దకొడుకు అరివీరుడు కత్తి దూసి వచ్చాడు. "ఒరే దొంగా!" అన్నాడు. అంతే, కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే రాయి. రెండో కొడుకు గుణధరుడు చదువుకున్నవాడు. చేతులు కట్టుకుని, "అయ్యా, తమరు చేసింది న్యాయం కాదని మనవి" అన్నాడు. మనవి చేసినా తప్పుపట్టడమే కదా! వాడూ రాయి.

మూడోవాడు మణికేతుడు. వాడు నోరు మూసుకుని, మాసిన పంచె కట్టుకుని, పెరటి దారిన కోటలోంచి జారుకున్నాడు. పిరికివాడని మీరు అనుకుంటే అనుకోండి. రాయైపోతే తండ్రిని బతికించేదెవరు?

ఊరి చివర ఒక దంపుళ్ళ పాక ఉంది. మాంత్రికుడి వంటశాలకి బియ్యం అక్కడినుంచే వెళ్ళేది. మణికేతుడు అక్కడ కూలికి చేరాడు. ఒక రోలు చుట్టూ ముగ్గురు నిలబడి, మూడు రోకళ్ళతో దంచేవాళ్ళు. ఒక రోకలి దిగేటప్పుడు ఒకటి లేస్తుంది, ఒకటి గాలిలో ఉంటుంది. ఆ ముగ్గురినీ నడిపించేది పాటే. పాట మధ్యలో ఎవరైనా తడబడితే రోకళ్ళు గుద్దుకుంటాయి. మొదటి రోజే మణికేతుడు తడబడ్డాడు. రోకలి ఎగిరి గడపవతల పడింది.

పాట చెప్పే పిల్ల పేరు నూకాలు. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఏమయ్యా, ఆ చేతులు దంచేవేనా? పాలకోవాకి తప్ప దేనికీ వంగినట్టు లేవే!"

"నేర్చుకుంటాను."

"నేర్చుకో. కాళ్ళ మీద మాత్రం వేసుకోకు, మందు రాసే తీరిక నాకు లేదు" అని మళ్ళీ పాట ఎత్తుకుంది.

*కుండలు పట్టుకుపోయాడు, సువ్వీ*
*తోమే పని తప్పించాడు, సువ్వీ*
*ఎడ్లను తోలుకుపోయాడు, సువ్వీ*
*మేపే పని తప్పించాడు, సువ్వీ*
*మా దొర ఎంత మంచివాడో!*

మణికేతుడు అదిరిపడ్డాడు. ఈ పిల్ల ఇప్పుడు రాయైపోతుందని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే నూకాలు చెంగుతో చెమట తుడుచుకుంటోంది. పాకలో ఆడవాళ్ళంతా పెదవులు కొరుక్కుంటున్నారు.

"నువ్వు రాయివి కాలేదేం?" అన్నాడు.

"ఎందుకవుతాను? ఇందులో తిట్టు ఎక్కడుంది? మొదటినుంచి చివరిదాకా మెచ్చుకోలే!"

ఆ రాత్రి మణికేతుడికి తన వంతు గంజి దొరికింది. అందులో సగం కలుగు దగ్గర పెట్టాడు. ఎందుకంటే ఆ కలుగులోని ముసలి పందికొక్కు పొద్దుటినుంచి ఆకలి, ఆకలి అని అరుస్తోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. పందికొక్కు గంజి తాగి మూతి తుడుచుకుంది.

"అబ్బాయ్, నువ్వు రాజు కొడుకువి. నాకు తెలుసు. నా మకాం మాంత్రికుడి మంచం కింద కూడా ఉంది. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక ఏడు సముద్రాల అవతల చిలకలదీవిలో ఉంది" అంది.

"వెళ్ళి పట్టుకొస్తాను!"

"ఆగు. ఆ దీవిలో లక్ష చిలుకలున్నాయి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. తప్పు చిలుకని ముట్టుకున్నావో, మిగతావన్నీ నిన్ను పొడిచి చంపుతాయి. ఆనవాలు ఒక్కటే. ఇక్కడ వీడు పాడితే అక్కడ ఆ చిలుక పాడుతుంది. కానీ వీడు పుట్టి ఇన్నేళ్ళలో ఒక్క పాట పాడలేదు."

పాకలో బియ్యం చెరుగుతున్న నూకాలు ఇదంతా విననే విన్నది. మణికేతుడు ఎవరో తెలిసినా ఆమె కంగారు పడలేదు. "అయితే పాడిద్దాం రాజాబాబూ" అంది, అంత తేలిగ్గా.

రాజకుమారుడికి అప్పుడు కాస్త పౌరుషం వచ్చింది. తానే పాడిస్తానన్నాడు. మొదట పెద్ద పెద్ద మాటలతో ఒక పద్యం కట్టి, పాటగాడి వేషంలో కొలువుకి వెళ్ళి చదివాడు. మాంత్రికుడు ఆవులించాడు. రెండోసారి వేణువు పట్టుకెళ్ళి తియ్యటి రాగం వాయించాడు. మాంత్రికుడు గురకపెట్టాడు. మూడోసారి నూకాలు రోలూ రోకలీ మోయించుకుని తానే వెళ్ళింది.

దబ్, దబ్, దబ్. "కుండలు పట్టుకుపోయాడు, సువ్వీ..."

మాంత్రికుడి కాలు ఆడింది. తల ఊగింది. పాట అయ్యాక మాత్రం కళ్ళు చిన్నవి చేసి చూశాడు.

"ఏమే పిల్లా, ఇందులో నన్ను వెక్కిరించడం ఏమీ లేదు కదా?"

"మీరు కుండలు తీసుకెళ్ళలేదా దొరా?"

"తీసుకెళ్ళాను."

"మాకు తోమే పని తప్పిందా, లేదా?"

"తప్పింది."

"మరి ఉన్నమాటేగా! మీ మంచితనం మీరే మరిచిపోతే ఎలా?"

మాంత్రికుడు మీసం దువ్వాడు. "మరోసారి పాడు" అన్నాడు. ఆమె మరోసారి పాడింది. "ఇంకోసారి" అన్నాడు. ఆ మూడోసారికి, "మా దొర ఎంత మంచివాడో!" అని వాడే గొంతు కలిపాడు. సేనాపతి నవ్వాపుకోలేక దగ్గు వచ్చినట్టు బయటికి పరిగెత్తాడు.

మర్నాటినుంచి దేశమంతా ఆ పాట రోజుకి మూడుసార్లు పాడాలని దండోరా వేయించాడు. జనం పాడారు. ఎలా పాడారనుకున్నారు! పడవలు లాగేవాళ్ళు పాడారు, పశువులు కాసేవాళ్ళు పాడారు, బిడ్డల్ని ఊపే తల్లులు పాడారు. ఏడ్చి ఏడ్చి ఎండిన మొహాల్లోకి కళ వచ్చింది. ఊరికో చరణం పుట్టింది. "ఇంటికప్పు ఊడబెరికాడు, బూజు దులిపే పని తప్పించాడు" అని ఒక ఊరు. "బావులన్నీ పూడ్పించాడు, చేద లాగే పని తప్పించాడు" అని ఇంకో ఊరు.

మణికేతుడు ప్రయాణం కట్టాడు. "మూడు నెలల దారి. కార్తీక పౌర్ణమి మిట్టమధ్యాహ్నానికి నేను దీవిలో ఉంటాను. ఆ వేళకి వాడు పాడాలి" అన్నాడు.

"పాడతాడు. నీ రోకలి నువ్వు చూసుకో, నా రోకలి నేను చూసుకుంటాను" అంది నూకాలు.

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు వలలో చిక్కుకుని ఉంది. మణికేతుడు వల కోసి విడిపించాడు. "తాతా, చిలకలదీవికి దారి చెబుతావా?" అన్నాడు.

"చెప్పడమెందుకు, ఎక్కు. కానీ నాకు వయసైంది. పాట లేనిదే ఈదలేను" అంది తాబేలు.

మణికేతుడు దంపుళ్ళ పాట ఎత్తుకున్నాడు. ఆ దరువుకి తాబేలు కాళ్ళు వేసింది. ఉప్పు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు, తేనె సముద్రం దాటారు. ఇలా ఏడూ దాటారు. ఏడో సముద్రంలో తాబేలే, "నన్ను వలలో పెట్టాడు, ఈదే పని తప్పించాడు" అని కొత్త చరణం కట్టింది.

ఇక్కడ పాలవెల్లిలో ఏమైందో వినండి. పౌర్ణమికి ముందురోజు పొరుగుదేశపు రాయబారి వచ్చాడు. మాంత్రికుడు గొప్పకి తన పాట తానే పాడి వినిపించాడు. రాయబారికి పొలమారింది. "కుండలు పట్టుకుపోయిందీ మీరే, పాట పాడుతున్నదీ మీరే!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

మాంత్రికుడు మొదటి చరణం తలుచుకున్నాడు. రెండోది తలుచుకున్నాడు. మూడోది తలుచుకునేసరికి వాడి మొహం జుట్టు రంగుకి వచ్చింది.

"ఇకమీదట ఆ పాట పాడినవాడి నాలుక కోయిస్తాను! నా నోటా అది ఇక రాదు!" అని అరిచాడు. దేశం నిశ్శబ్దమైపోయింది.

పౌర్ణమి వచ్చింది. దంపుళ్ళ పాకలో ఆడవాళ్ళు దిగాలుగా కూర్చున్నారు. "అయిపోయిందే నూకాలూ. వాడు పాడడు, మనల్ని పాడనివ్వడు" అన్నారు.

"పాట వద్దన్నాడు. దంచవద్దన్నాడా? దంచకపోతే మధ్యాహ్నం వాడేం తింటాడు?" అంది నూకాలు. ఆడవాళ్ళందరినీ పిలిచి, ఊళ్ళోని రోళ్ళన్నీ కోట గోడ పక్కకి దొర్లించింది. నూరు రోళ్ళు, మూడు నూర్ల రోకళ్ళు. ఎవ్వరూ పెదవి కదపలేదు. నోట్లో లేని పాట చేతుల్లో ఉంది. ఒక్క రోకలి కూడా తప్పలేదు.

దబ్, దబ్, దబ్. దబ్, దబ్, దబ్.

పాటలోని నాలుగు వరసలూ దంచారు. తరవాత "మా దొర ఎంత మంచివాడో" అని రావలసిన చోట రోకళ్ళన్నీ గాలిలో ఆగాయి. ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. మళ్ళీ మొదటినుంచి దంచారు. మళ్ళీ అక్కడే ఆగారు.

మాంత్రికుడు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. దరువు నేలలోంచి కాళ్ళలోకి ఎక్కింది. నోట్లో గుడ్డ కుక్కుకున్నాడు. మూడోసారి రోకళ్ళు ఆగాయి. ఆ ఖాళీని వాడు భరించలేకపోయాడు. గుడ్డ ఊసేసి, కిటికీలోంచి తల బయటపెట్టి, ఉన్న గొంతంతా పెట్టి పాడాడు.

"మా దొర ఎంత మంచివాడో!"

ఏడు సముద్రాల అవతల లక్ష చిలుకల మధ్య ఒక చిలుక మెడ సాచి, "మా దొర ఎంత మంచివాడో!" అంది. మణికేతుడు ఒక్క దూకు దూకి దాన్ని పట్టుకున్నాడు. పిడికిలి బిగిసింది. అదే క్షణాన ఇక్కడ మాంత్రికుడి గొంతు బిగిసింది. ఇక మంత్రం పలకదామంటే నోటినుంచి గాలి తప్ప ఏదీ రాలేదు.

ఏడాది నిండే రోజున, పొద్దు వాలకముందే, మణికేతుడు చిలుకతో సభలో అడుగుపెట్టాడు. తండ్రి రాతి చేతినుంచి అప్పటికే ఇసుక రాలుతోంది. చిలుక మెడ మీద పట్టు కాస్త సడలించి, "ఈ రాళ్ళన్నిటికీ ప్రాణం పొయ్యరా" అన్నాడు. మాంత్రికుడు మంత్రం చదివాడు. రాళ్ళన్నీ కదిలాయి. రణధీరుడు ఏడాది కిందట మొదలుపెట్టిన నవ్వుని అక్కడినుంచే అందుకున్నాడు. బయట గుర్రాలు సకిలించాయి. అరివీరుడు కత్తి దించాడు. గుణధరుడు, "నా మనవి ఇంకా పూర్తికాలేదు" అన్నాడు.

ఆ సందట్లో మాంత్రికుడు రెండో మంత్రం ఎత్తుకోబోయాడు. మణికేతుడు చిలుక మెడ తిప్పేశాడు. తామ్రకేశుడు రాగి పొడిగా రాలిపోయాడు. నూకాలు చీపురు తెచ్చి ఊడ్చేసింది.

ఎవరి కుండలు వాళ్ళ ఇళ్ళకి చేరాయి, ఎడ్లు కొట్టాలకి చేరాయి. రణధీరుడు మణికేతుడికి రాజ్యమూ, నూకాలు చెయ్యీ ఇస్తానన్నాడు. "చెయ్యి నాది. అడగవలసింది నన్ను" అంది నూకాలు. మణికేతుడు అడిగాడు. ఆమె సరేనంది.

పెళ్ళికి పసుపు దంచారు. పెళ్ళికొడుకు పీట మీద కూర్చోగానే ఆడవాళ్ళు రోకళ్ళెత్తి కొత్త పాట అందుకున్నారు.

*పద్యం చదివి వినిపించాడు, సువ్వీ*
*మేలుకునే పని తప్పించాడు, సువ్వీ*

సభంతా కొత్త రాజు మొహంలోకి చూసింది. మణికేతుడికి చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణం తల దించుకున్నాడు. తరవాత తండ్రిలాగే నోరారా నవ్వి, "రెండో చరణం కూడా కానివ్వండి!" అన్నాడు.

వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు ఏలారు. ఏడాదికో పాట పుట్టింది వాళ్ళ మీద. ఒక్కటి కూడా మెచ్చుకోలు కాదు. అరవై పాటలూ రాజుకి కంఠతా వచ్చు.